మధ్యలో కుంగిపోయే కేకు

కృష్ణారావుకి ప్రస్తుతం అంతుబట్టని సంగతులు రెండు. కూతురు శ్రీదుర్గ కాపురం ఎందుకు నిలబడలేదన్నది ఒకటి. తాను చేసే కేకు మధ్యలో ఎందుకు కుంగిపోతోందన్నది రెండోది. మొదటిదానితో ఎనిమిది నెలలుగా, రెండోదానితో ఐదు వారాలుగా కుస్తీ పడుతున్నాడు. రెండూ లొంగడం లేదు. లోకంలో తక్కినవన్నీ ఆయనకు తెలుసు. అడిగితే చెబుతాడు, అడక్కపోయినా చెబుతాడు.

పూర్తి పేరు వెంకటకృష్ణారావు. పామర్రు దగ్గర వ్యవసాయం ఇంట్లో పుట్టి, డిప్లొమా చదివి, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ కంట్రోల్ రూములో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. గంట గంటకీ మీటర్లు చూసి పుస్తకంలో రాయడం అక్కడ ఆయన పని. ఉద్యోగం పోయినా పుస్తకం పోలేదు. భవానీపురంలోని ఆ ఇంట్లో నీళ్ళ మోటారుకొక పుస్తకం, గ్యాసు బండకొక పుస్తకం, ఆయన బీపీకొక పుస్తకం ఉన్నాయి. "నా పేరు మీద కూడా ఎక్కడో ఉండే ఉంటుంది, దొరకడం లేదు" అంటుంది భార్య సుబ్బరత్నం.

ఆయన నమ్మకం ఒక్కటే. యంత్రం ఊరికే ఆగదు. ఆగిందంటే ఎక్కడో తేడా వచ్చింది. ఆ తేడా పట్టుకుని, కాగితం మీద పెట్టి, కింద సంతకం చేసేదాకా మనిషి ఇంటికి వెళ్ళకూడదు. ఇది యంత్రాల విషయంలో మంచి నమ్మకమే. చిక్కల్లా ఆయన దాన్ని ఇంటికి కూడా తెచ్చుకోవడంలో వచ్చింది.

శ్రీదుర్గ హైదరాబాదు నుంచి తిరిగొచ్చినప్పుడు ఆమె సామాను ఒక చిన్న ట్రక్కులో వచ్చింది. అందులో ఒక ఒవెన్ ఉంది. పెళ్ళికి స్నేహితులంతా కలిసి కొనిచ్చినది. రెండేళ్ళ కాపురంలో దాని అట్టపెట్టెకున్న టేపు కూడా ఎవరూ ఊడదియ్యలేదు. హాల్లో సోఫా పక్కన ఆ పెట్టె అలాగే పడి ఉంటే, సుబ్బరత్నం దాని మీద ఒక పాత టవలు పరిచి ఫోను చార్జరు పెట్టుకుంది.

పిల్ల మళ్ళీ ఉద్యోగంలో చేరింది. సూర్యారావుపేటలో ఒక క్లినిక్కులో ఫిజియోథెరపిస్టు. పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తుంది, అన్నం తింటుంది, గదిలోకి వెళ్ళిపోతుంది. కృష్ణారావు గది గుమ్మం దాకా వెళ్ళి నిలబడతాడు.

"అసలు ఎక్కడ తేడా వచ్చిందమ్మా?"

"ఏం లేదు నాన్నా."

"ఏం లేకుండా ఎట్టా వస్తుంది?"

అల్లుడు లక్ష్మీకాంత్ తాగడు, తిట్టడు, చెయ్యెత్తడు. వాళ్ళమ్మ పద్ధతైన మనిషి. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు, ఎవరూ ఎవరి మీదా కేసు పెట్టలేదు. ఇద్దరూ కలిసే కోర్టుకు వెళ్ళారు, ఇద్దరూ సంతకాలు చేశారు, బయటికొచ్చి టీ తాగి ఎవరి ఆటో వాళ్ళు ఎక్కారట. ఇది విన్నప్పుడు కృష్ణారావుకి పిచ్చెక్కినంత పనైంది. కొట్టుకుని విడిపోతే ఆయనకు అర్థమయ్యేది. టీ తాగి విడిపోవడమేమిటి?

చుట్టాలు ఊరుకోరు కదా. వాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి. పామర్రులో ఉండే అక్క సీతమ్మకి ఇద్దరి డ్యూటీ టైములూ కుదరలేదని చెప్పాడు. గుడివాడలో ఉన్న తమ్ముడికి కుర్రాడిది మొండితనమని చెప్పాడు. పక్కింటివాళ్ళకి జాతకాలు సరిగ్గా చూపించలేదన్నాడు. ఏదీ అబద్ధం ఆడాలని చెప్పలేదు పాపం. చెబుతున్న కాసేపూ నిజమే అనిపించేది, ఇంటికొచ్చాక మళ్ళీ మొదటికొచ్చేది.

ఒవెన్ సంగతి ఎలా మొదలైందంటే, ఒక ఆదివారం శ్రీదుర్గ బాల్కనీలో నిలబడి క్లినిక్కులో తనతో పనిచేసే స్టెల్లాతో ఫోనులో మాట్లాడుతోంది. "ఆదివారం వస్తే ఏదో ఒకటి చేద్దామనుకునేదాన్ని. పెట్టె దగ్గరికెళ్ళేదాన్ని. చెయ్యబుద్ధి అయ్యేది కాదు." అంతే విన్నాడు. రెండు రోజులు ఆలోచించాడు. పెళ్ళికొచ్చిన యంత్రం ఒక్కసారి కూడా వెలగకుండా పడి ఉండడం ఆయనకు అపశకునంలా తోచింది. మూడో రోజు కూతురు క్లినిక్కుకి వెళ్ళగానే సుబ్బరత్నం పెట్టుకున్న చార్జరు తీసి పక్కన పెట్టి, టవలు మడిచి, టేపు కోశాడు.

మొదటి కేకుకి మైదా, చక్కెర, వెన్న, గుడ్లు, యాలకుల పొడి గ్రాముల్లెక్కన తూచాడు. ఒవెన్ వేడి తిప్పే గుండ్రటి మీటను నూట ఎనభై మీద పెట్టాడు. ఆ అంకెను ఆయన నమ్మలేదు. మీటరు చెప్పిందల్లా నమ్మేవాడు కంట్రోల్ రూములో పనికిరాడు. అందుకని వన్‌టౌన్‌లో ఒక పుల్ల థర్మామీటరు కొనుక్కొచ్చాడు. ఐదు నిమిషాలకొకసారి తలుపు తీసి, లోపల పెట్టి, అంకె చూసి, కొత్త పుస్తకంలో రాశాడు. నలభై నిమిషాల్లో ఎనిమిది రీడింగులు వచ్చాయి. కేకు బయటికి రాగానే ఆయన చూస్తుండగానే మధ్యలో మెల్లగా కిందికి దిగిపోయింది. గట్లు మాత్రం నిలబడ్డాయి.

"అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో..." అని సుబ్బరత్నం అలవాటుగా మొదలుపెట్టి, నాలుక కరుచుకుంది. శ్రీదుర్గ అప్పుడే వచ్చి చెప్పులు విప్పుతోంది.

శ్రీదుర్గ ఒక చెంచా తెచ్చుకుంది. ఆ గుంటలోంచి, సరిగ్గా కుంగినచోటు నుంచి, తవ్వుకుని తింది. ఇంకొంచెం తవ్వింది.

"బాగుంది నాన్నా."

"మధ్యలో కుంగింది కదమ్మా."

"కుంగింది. బాగుంది."

ఆ రెండు మాటలూ ఒకే నోటి నుంచి ఎలా వచ్చాయో కృష్ణారావుకి తెలియలేదు. కుంగితే బాగోకూడదు, బాగుంటే కుంగకూడదు. పిల్ల తన మీద జాలిపడుతోందా, లేక హాస్యమాడుతోందా? పుస్తకంలో "మొదటిది: విఫలం" అని రాసి, పక్కన "తిన్నది" అని కూడా రాసి, ఆ రెండో మాటను ఏ గడిలో వెయ్యాలో తోచక ఊరుకున్నాడు. ఒకటి మాత్రం గమనించాడు. ఆ సాయంత్రం పిల్ల అరగంట హాల్లో కూర్చుంది.

ఇక పట్టుకున్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి, వదులుతాడా? రెండోసారి గుడ్డు తగ్గించాడు. మూడోసారి వెన్న తగ్గించాడు. నాలుగోసారి బేకింగ్ పౌడరు మార్చాడు. ఒకసారికి ఒక్కటే మార్చాలి, అప్పుడే తేడా దొరుకుతుందని సూత్రం. నాలుగూ కుంగాయి.

ఐదోదానికి స్టెల్లా వచ్చింది. గుణదల అమ్మాయి, ప్రతి క్రిస్మస్‌కీ వాళ్ళింట్లో ఇరవై కేకులు చేస్తారు. పుస్తకం తిరగేసి చూసి, నవ్వు ఆపుకోవడానికి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"అంకుల్, ఐదేసి నిమిషాలకి తలుపు తీస్తే లోపలి వేడంతా పోతది. కేకు బెదిరిపోతది. అస్సలు తియ్యకండి."

"తియ్యకపోతే లోపల ఏం జరుగుతోందో మనకెట్టా తెలుస్తుందమ్మా?"

"తెలవదండీ."

తెలియకుండా నలభై నిమిషాలు. ఆయన వృత్తిలో ఎవరైనా ఇలా మాట్లాడితే షిఫ్టులోంచి పంపించేసేవారు. అయినా సరేనని, ఒవెన్‌కి వీపు పెట్టి కుర్చీ వేసుకుని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కసారి కూడా తియ్యలేదు. కేకు కుంగింది. స్టెల్లా మొహం చిన్నబోయింది. "మా అమ్మనడిగి చెప్తానండీ" అని వెళ్ళింది. ఆరోది కూడా కుంగింది.

ఏడోది కుంగలేదు.

నూనెలో పొంగిన పూరీలా నిండుగా వచ్చింది. కృష్ణారావు దాని చుట్టూ తిరిగి అన్ని వైపుల నుంచీ చూశాడు. పుస్తకం తీశాడు. ఆరోదానికీ ఏడోదానికీ తాను మార్చినది ఏమీ లేదు. ఆయనకు సంతోషం రావలసింది పోయి గుండెల్లో రాయి పడింది. తప్పు ఎందుకు జరిగిందో తెలియకపోవడం ఒక ఎత్తు, ఒప్పు ఎందుకు జరిగిందో కూడా తెలియకపోవడమా?

ఆ నిండు కేకు ఇంట్లో నిలవలేదు. సుబ్బరత్నం పామర్రు పద్ధతి మనిషి. తెలిసినవాళ్ళ ఇళ్ళలో పెళ్ళిళ్ళకి సారె అరిసెలు, సున్నుండలు చేసి పెడుతుంది. ఆమె తల్లి దగ్గర నేర్చుకున్న కట్టుబాటు ఒకటుంది. విరిగినది, మాడినది, వంకరపోయినది ఇంట్లోవాళ్ళకి. నిండుగా వచ్చినది బయటివాళ్ళకి. గుమ్మం దాటే పళ్ళెంలో లోపం ఉండకూడదు. అందుకే ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ నిండు అరిసె తిని ఎరగరు. ఏడో కేకు ముక్కలై కిందింటికి, పక్కింటికి, ఎదురింటికి వెళ్ళిపోయింది. శ్రీదుర్గకి ఒక అంచు దక్కింది. అది కొరికి, "ఇది మామూలుగా ఉంది" అని, ఆ పూట తొందరగా గదిలోకి వెళ్ళిపోయింది.

ఎనిమిదోది, అచ్చం ఏడోదానిలాగే చేసినది, కుంగింది. ఆ రోజు పిల్ల గంటసేపు కూర్చుంది. కృష్ణారావు తల పట్టుకున్నాడు.

కుంగిన రోజే పిల్ల కూర్చుంటోందన్న సంగతి సుబ్బరత్నం ఎప్పుడో కనిపెట్టింది. భర్తకి చెప్పలేదు. చెబితే దానికి కూడా పుస్తకం పెడతాడని భయం.

అలా కొద్ది కొద్దిగా మాటలు మొదలయ్యాయి. క్లినిక్కుకి వచ్చే ముసలాయన మోకాలి గురించి, స్టెల్లా చెల్లెలు ఏంజెల్ పాటల గురించి. అంతటితో ఊరుకుంటే కృష్ణారావు కృష్ణారావే కాదు. పదకొండో కేకు తింటున్నప్పుడు, పిల్ల కాస్త నవ్వు మొహంతో ఉందని చూసి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ప్రతిదానికీ ఒక కారణం ఉంటదమ్మా. కేకుకైనా, కాపురానికైనా. నువ్వు దాచుకోకుండా మొదటినుంచీ చెప్పావనుకో..."

"దొరికితే ఏం చేస్తావు నాన్నా?"

"మళ్ళీ రాకుండా చూసుకోవచ్చు కదా."

శ్రీదుర్గ చెంచా కింద పెట్టింది. "సీతమ్మత్తకి డ్యూటీ టైములన్నావు. గుడివాడ బాబాయికి మొండితనమన్నావు. పక్కింటి ఆంటీ వచ్చి నన్ను జాతకం అడిగింది. నాకేం చెప్తావు?" అంది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదనిపించింది ఆయనకు.

మర్నాడు తల్లికి చెప్పింది. క్లినిక్కు పక్క వీధిలో ఆడవాళ్ళ హాస్టల్లో గది చూసుకుందట. ఒకటో తారీఖున మారిపోతుందట. రోజూ తిరగడం కష్టంగా ఉందట. భవానీపురం నుంచి సూర్యారావుపేట ఎంత దూరమని? ఆటో ఎక్కితే ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల కోసం ఎవరూ ఇల్లు వదిలి వెళ్ళరని ముగ్గురికీ తెలుసు. కృష్ణారావుకి అన్నం సయించలేదు. ఎనిమిది నెలలుగా తాను బాగు చేస్తున్నాననుకున్నది చేతుల్లోంచి జారిపోతోంది. ఎందుకు జారిపోతోందో మాత్రం ఇంకా తెలియడం లేదు.

ఒకటో తారీఖుకి మూడు రోజుల ముందు ఆదివారం వచ్చింది. వేరే ఏం చెయ్యాలో తెలియక ఆయన పన్నెండో కేకు పెట్టాడు. ఈసారి తూచలేదు. తూచడానికి ఓపిక లేక గిన్నెలతో పోశాడు. శ్రీదుర్గ గది తలుపు తీసే ఉంది. మంచం మీద సంచి, దాని పక్కన మడతపెట్టిన బట్టలు కనబడుతున్నాయి. ఆయన అటు చూడకుండా కుర్చీ తిప్పుకున్నాడు.

పదకొండు గంటలకి గేటు చప్పుడైంది. సీతమ్మ. పామర్రు నుంచి బస్సెక్కి, ఒక సంచిలో గోంగూర, ఒక సంచిలో మునక్కాడలతో, ఫోనైనా చెయ్యకుండా దిగింది. డెబ్భై ఏళ్ళ మనిషి, తమ్ముడి సంసారం తాను సర్దకపోతే కృష్ణా డెల్టాకి నీళ్ళు రావన్నట్టుంటుంది.

సరిగ్గా అప్పుడే కృష్ణారావు కేకు బయటికి తీశాడు. అక్క ఎదురుగానే అది మధ్యలో దిగిపోయింది. ఇంతకుముందు వాటికన్నా లోతుగా, ఒక పక్కకి పగులు కూడా ఇచ్చింది. సుబ్బరత్నం కళ్ళతో సైగ చేసింది. లోపల పెట్టండి, వదినగారికి సున్నుండలు తెస్తానని ఆ సైగకి అర్థం. అప్పటికే శ్రీదుర్గ చెంచా పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చేసింది. కృష్ణారావు భార్య వైపు చూశాడు, కూతురి చేతిలో చెంచా వైపు చూశాడు. ఏమనిపించిందో ఆయన్నే అడిగితే చెప్పలేడు. కేకు తీసుకెళ్ళి అక్క ముందు పెట్టాడు. సుబ్బరత్నం సున్నుండల డబ్బా మూత మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది.

"ఇదేంట్రా, గుంట పడిందేంటి?" అంది సీతమ్మ.

"పడిందక్కా."

"ఎందుకు పడింది?"

"తెలీదు."

సీతమ్మ తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది. ఈయన నోట ఆ మాట ఆవిడ పుట్టి బుద్ధెరిగాక వినలేదు. అయినా వచ్చిన పని వేరే ఉంది కాబట్టి దాన్ని వదిలేసి, మేనకోడలి వైపు తిరగకుండా, ఆ పిల్ల అక్కడ లేనట్టే అడిగింది.

"సరే గానీ, దీని సంగతి చెప్పు. నాకు డ్యూటీలంటివి, వాడికి మొండితనమంటివి. ఊళ్ళో తలా ఒకటి అనుకుంటన్నారు. అసలు ఎక్కడ తేడా వచ్చింది?"

అవే మాటలు. ఆయన ఎనిమిది నెలలుగా గుమ్మంలో నిలబడి అడిగిన మాటలే. ఇంకొకరి నోటి నుంచి వచ్చేసరికి, అవి ప్రేమతో అడిగినట్టు లేవు. పాడైన సామాను గురించి కొట్టువాణ్ణి నిలదీస్తున్నట్టు ఉన్నాయి. కృష్ణారావు కూతురి వైపు చూశాడు. ఆమె తల దించుకుని, చెంచా చివరతో బల్ల మీద ఏదో గీస్తోంది. తండ్రి ఈసారి ఏ కారణం చెబుతాడో వినడానికి సిద్ధమై కూర్చున్నట్టుంది. ఆయనకు సిగ్గేసింది.

"తెలీదక్కా" అన్నాడు.

"తండ్రివి నీకు తెలీకపోతే ఎవరికి తెలుస్తదిరా?"

"నాకు తెలీదు. నీతో చెప్పింది, వాడితో చెప్పింది, అన్నీ నేను అల్లినవే. చాలా వెతికాను. దీన్ని కూడా అడిగి అడిగి చంపుకుతిన్నాను. ఇంక అడగను. నువ్వూ అడగమాక."

చెంచా ఆగింది. సీతమ్మ కోప్పడాలో, తమ్ముడి ఆరోగ్యం గురించి బెంగపడాలో తేల్చుకోలేక, ముందున్న పళ్ళెంలోంచి ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. కాసేపు నమిలింది. "గుంటలోదే మెత్తగా ఉంది" అని సుబ్బరత్నంతో చెప్పి, ఇంకాస్త పెట్టమంది. భోజనం చేసింది, గోంగూర ఎలా వండాలో రెండుసార్లు చెప్పింది, మూడు గంటల బస్సుకి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో మేనకోడలి తల నిమిరి, ఏదో అడగబోయి, ఊరుకుంది.

కృష్ణారావు బల్ల తుడుస్తున్నాడు. శ్రీదుర్గ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆదివారాలు ఇద్దరం ఇంట్లోనే ఉండేవాళ్ళం నాన్నా" అంది ఉన్నట్టుండి. "ఆయన ఆ గదిలో, నేను ఈ గదిలో. గొడవేం లేదు. ఆయన లేచి మంచినీళ్ళు తాగుతుంటే నాకు వినపడేది. గ్లాసు కింద పెట్టగానే ఇటొస్తాడేమో అనుకునేదాన్ని. వస్తే ఏం మాట్లాడాలా అని భయమేసేది. రాకపోతే ఏడుపొచ్చేది. ఆయనకీ అట్లానే ఉండేదంట, తర్వాత చెప్పాడు."

కృష్ణారావుకి ఏమీ బోధపడలేదు. మంచినీళ్ళకీ కాపురానికీ ఏమిటి సంబంధం? వస్తే భయమెందుకు, రాకపోతే ఏడుపెందుకు? రెండు గదుల మధ్య ఉన్నది ఒక్క గుమ్మమే కదా, ఎవరో ఒకరు దాటొచ్చు కదా? ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి గొంతు దాకా వచ్చి నిలబడ్డాయి. ఆయన చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు.

"వింటున్నావా నాన్నా?"

"వింటున్నానమ్మా."

ఆమె చాలాసేపు మాట్లాడింది. ఒకసారి ఏడ్చింది, ఒకసారి నవ్వింది. రెండూ ఆయన అనుకున్నచోట రాలేదు. సుబ్బరత్నం వంటింటి గుమ్మంలో నిలబడి, టీ పెట్టడం కూడా మరిచిపోయి, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ వింది. అంతా అయ్యాక కృష్ణారావుకి అర్థమైంది సగం కూడా లేదు. ఎవరైనా వచ్చి కాగితం మీద రాసివ్వమంటే ఒక్క వాక్యం రాయలేడు.

శ్రీదుర్గ లేచి గదిలోకి వెళ్ళింది. బీరువా తలుపు తీసిన చప్పుడైంది. కాసేపటికి గుమ్మంలోకి వచ్చి, జుట్టు ముడివేసుకుంటూ, హాస్టల్‌కి ఫోన్ చేసి రావడం లేదని చెప్పేశానంది.

ఎందుకని ఆయన అడగలేదు.